పొట్టి మంచుపలకల కథ

మన ఆంబూరులో కుట్టిన బూట్లు ఓడలెక్కి ఐరోపాకును, అమెరికాకును పోవుచున్నవి. అందు కొన్ని దేశములలో చలికాలమున నెలల తరబడి నేల మంచుతో కప్పబడియుండును. అక్కడివారు బూట్ల క్రింద మరియొక సాధనమును కట్టుకొని ఆ మంచుపై జారుచు పోవుదురు. దానికి స్కీ అని పేరు. మన పిల్లలు టెలివిజన్‌లో దానిని చూచి, "అంత పొడవు కర్రలు కాళ్ళకేల?" అని అడుగుచుందురు. ఆ ప్రశ్న చిన్నదికాదు. నిపుణులు నూరేండ్లకు పైగా దానినిగూర్చి తగవులాడిరి. ఆ తగవు ఆటకన్న నేర్పుటకు సంబంధించినది గనుక, పిల్లలుగల తల్లిదండ్రులకు రుచించునని తలంచి ఇచట వివరింపబూనితిమి.

మంచు అనిన మనకు తోచునది మార్గశిర మాసమున తెల్లవారుజామున ఏలగిరి కొండపై కమ్ముకొను పొగమంచు. ఇచట చెప్పుచున్నది ఆకాశమునుండి దూదివలె రాలి నేలపై పేరుకొను మంచు. దమ్ము చేసిన మడిలో అడుగిడిన కాలు దిగబడును. అదే మడిలో ఒక పలక పరచి దానిపై నిలిచిన దిగబడదు. మన బరువు ఎక్కువ చోటుపై పరచుకొనుటయే కారణము. మెత్తని మంచుపైన కూడ అంతే. కాబట్టి చలిదేశపు పల్లెవాండ్రు వేటకును, పొరుగూరికి పోవుటకును కాళ్ళకు పలకలు కట్టుకొనిరి. స్వీడన్ దేశమున కాల్వ్‌ట్రాస్క్ అనుచోట 1924లో దొరికిన స్కీ 5,000 సంవత్సరములనాటిది. దాని పొడవు రెండు మీటర్లకు పైమాట.

అయితే పొట్టిపలక నేటి పుట్టుక కాదు. స్కాండినేవియాలో కొన్ని సీమలవారు పూర్వము రెండు కాళ్ళకు రెండు తీరుల పలకలు ధరించెడివారు. ఒక కాలికి జారుటకై మిక్కిలి పొడవైనది, రెండవ కాలికి నేలను తన్ని ముందుకు నెట్టుటకై పొట్టిది. ఈ పొట్టిదాని అడుగున జంతుచర్మము రోమములతో సహా తాపడము చేసెడివారు. రోమములు వెనుకకు వాలియుండుటచే పలక ముందుకు జారునుగాని వెనుకకు జారదు. చర్మముతో పనిచేయు మన ఊరివారికి ఇందలి యుక్తి చెప్పకయే తెలియును.

పలకను కురుచచేయుట మొదట కొండవాలు తెచ్చిపెట్టిన అవసరము. నార్వేలో టెలెమార్క్ సీమకు చెందిన సాండ్రె నోర్‌హైమ్ (1825–1897) ఒక పేద కౌలుదారు. ఆయన అంతకు ముందున్నవాటికన్న కురుచగాను, నడుము సన్నముగాను ఉండు స్కీలు చేసికొని, మడమచుట్టు మెలిపెట్టిన కొమ్మల పట్టీ వేసి కాలిని వాటికి బిగించెను. 1868లో రాజధానియగు క్రిస్టియానియాలో జరిగిన పందెమున ఆయన నేర్పు చూచి పట్టణవాసులు అబ్బురపడిరి. పిమ్మట 1894లో ఫ్రిట్జ్ హూట్‌ఫెల్ట్ అను నార్వేవాడు ఇనుప చెవులకు తోలువారులు చేర్చి మరింత గట్టి కట్టు కల్పించెను.

ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్ గ్రామమున నివసించిన మథియాస్ జ్డార్‌స్కీ (1856–1940) కథ ఇంకను వింతైనది. నాన్సెన్ గ్రీన్‌లాండును దాటిన వృత్తాంతము చదివి, నార్వేనుండి స్కీలు తెప్పించుకొని, గురువు లేకయే సాధన మొదలిడెను. ఆల్ప్స్ పర్వతముల నిటారు వాలుపై ఆ పొడవుపలకలు తిరుగవని గ్రహించి వాటిని కురుచచేసి, ఉక్కుతో కొత్త కట్టు నిర్మించెను. నార్వే పద్ధతిని నమ్మినవారు ఆయనపై విరుచుకుపడిరి. 1905లో నార్వేనుండి హాసా హోర్న్ అను నిపుణుడు స్వయముగా వచ్చి చూచి జ్డార్‌స్కీ నేర్పును అంగీకరించెను. ఆ యేడే మార్చి 19న జ్డార్‌స్కీ ముకెన్‌కోగెల్ కొండపై జెండాల నడుమ మలుపులు తిరుగు పందెమును నడిపెను.

ఇంత జరిగినను పొడవుపలకల పట్టు సడలలేదు. చేయి పైకెత్తిన మణికట్టునందుకొను పొడవే సరియైనదని చాలకాలము అంగడులలో కొలిచి ఇచ్చెడివారు. నేర్చుకొనువానికిని అదే కొలత! ఇందలి కష్టమును ఇట్లు ఊహింపవచ్చును. సందులో నిలువుగా పట్టుకొన్న నిచ్చెనను అడ్డముగా త్రిప్పుట ఎంత శ్రమ, చేతికర్రను త్రిప్పుట ఎంత సులువు! ఒకే మందము, ఒకే వెడల్పు గల పలకను సగమునకు తగ్గించినచో, దానిని త్రిప్పుటలో ఎదురగు జడత్వము సగము కాదు, ఎనిమిదవ వంతగును. పొడవుపలకకును గుణములు లేకపోలేదు. మెత్తని మంచులో దిగబడదు. వేగమున పోవునపుడు అదరదు. నిపుణునికి అవి కావలెను. తొలినాడు కొండపై నిలిచి వణకుచున్నవానికి కావలసినది మాత్రము మలుపు తిరుగుటయు, ఆగుటయు.

ఈ సంగతిని పట్టుకొన్నవాడు అమెరికాలోని క్లిఫ్ టేలర్. రెండవ ప్రపంచయుద్ధమున పర్వత సైన్యవిభాగమున పనిచేసి, 1950లలో వెర్మాంట్ రాష్ట్రమున రెండున్నర అడుగుల స్కీలతో కొత్తవారికి నేర్పసాగెను. అవి స్వాధీనమైన పిదప నాలుగడుగులవి, ఆపైన అయిదడుగులవి ఇచ్చెడివాడు. శిష్యులు మొదటినాడే రెండు కాళ్ళు జోడించి మలుపులు తిరిగిరి. పాత పద్ధతిలో కాళ్ళు విడదీసి పలకలను మొనలు కలియునట్లు పెట్టి వేగమాపుట మొదట నేర్పి, తరువాత దానిని మాన్పింపవలసివచ్చెడిది. మాన్పింపవలసినదానిని నేర్పుటయేల అని టేలర్ వాదము. బొమ్మ స్కీలని నవ్వినవారును లేకపోలేదు. 1966లో కిల్లింగ్టన్ అను స్కీ కేంద్రమున కార్ల్ ఫైఫర్ దీనిని క్రమబద్ధముచేసి పాఠక్రమముగా ప్రవేశపెట్టెను.

మనలో పలువురు పెద్ద సైకిలు కడ్డీ క్రిందనుండి కాలు దూర్చి, మోకాళ్ళు చెక్కుకొని తొక్కుట నేర్చినవారమే. అద్దెకొట్టులో గంటకింత అని చిన్న సైకిలు దొరికిన నాడు ఆ పండుగయే వేరు. టేలర్ శిష్యుల సంతోషము అట్టిదే అయియుండును.

ఆ పద్ధతి కొంతకాలమునకు వెనుకబడెను. ఒక్కొక్కరికి మూడేసి జతలు మార్చుట కేంద్రములకు భారమయ్యెను. అదిగాక, అందరి స్కీలును క్రమముగా కురుచయ్యెను. 1993లో స్లొవీనియాకు చెందిన ఎలాన్ సంస్థ నడుము బాగుగా సన్నపరచిన స్కీని విడుదల చేసిన పిమ్మట ఈ మార్పు త్వరితమయ్యెను. ఒకప్పుడు రెండు మీటర్ల స్కీలతో మలుపుల పందెమాడిన పురుషులు నేడు 165 సెంటీమీటర్ల కొలతతో ఆడుచున్నారు.

మీటరుకన్న కురుచైన పలకలు 1990లలో మరల తలయెత్తినవి, ఈసారి వినోదమునకై. క్నైస్ల్ అను ఆస్ట్రియా సంస్థ మొనను కాలివ్రేళ్ళవలె తీర్చిన బిగ్‌ఫుట్ అనుదానిని అమ్మెను. అమెరికాలో జేసన్ లెవింథాల్ 1995లో లైన్ సంస్థను స్థాపించి, రెండు కొనలును పైకి వంగిన పలకలు చేసెను. చేతికర్రలు లేక, ముందుకును వెనుకకును జారుచు, గాలిలో పల్టీలు కొట్టు ఈ ఆటకు స్కీబోర్డింగ్ అని పేరు. 1998 నుండి 2000 వరకు ఎక్స్ గేమ్స్ అను పోటీలలో దీనికి స్థానము దొరకెను, తరువాత తొలగించిరి. అదే ఆకృతిగల పొడవైన స్కీలు రాగా యువకులు వాటివైపు మొగ్గిరి.

ఇందొక ప్రమాదమును చెప్పక విడువరాదు. పెద్ద స్కీల కట్టు, పడినపుడు బూటును తనంత విడిచిపెట్టును. స్కీబోర్డులలో అనేకము అట్లు విడువని కట్టుతో వచ్చెను. పలక పొట్టిదగుటచే మోకాలి నరములు మెలిపడుట తగ్గినను, మోకాటి క్రింది యెముకలు విరుగుట హెచ్చెనని వైద్యులు గమనించిరి. సులువైన సాధనము నిరపాయమైనదని తలంచుట పొరపాటు.

మన దేశమున కాశ్మీరమునందలి గుల్మార్గ్‌లో 1927లోనే స్కీ సంఘము వెలసినది. ఇప్పుడు దక్షిణాదినుండియు కుటుంబములు అక్కడికి పోవుచున్నవి. మీలో ఎవరైన పిల్లలను తీసికొనిపోయినచో, అద్దెకు తీసికొను స్కీ పిల్లవాని గడ్డమును మించరాదు. కట్టు పడినపుడు విడిచిపెట్టునో లేదో అడిగి, ఎదుటనే చూపింపుమనవలెను. బూటులో మడమ పైకి లేవరాదు, వ్రేళ్ళు మాత్రము కదలవలెను. ఈ కడపటి సంగతిని పరీక్షించుటకు ఆంబూరువారికి ఒకరు నేర్పనక్కరలేదు.