బిందె మెడ అడిగిన యంత్రం

హైదరాబాద్‌లోని బోరబండ బస్తీల్లో నల్లా వదిలే వేళకు వరుస కట్టే ప్లాస్టిక్ బిందెల్లో ఒకదాన్ని బోర్లించి చూడండి. అడుగున అడ్డంగా మందపాటి గీత ఉంటుంది. దాని రెండు కొసల నుంచి మెడదాకా సన్నటి గీతలు పాకి ఉంటాయి. ఆ బిందెను చేసిన యంత్రం జాతకమంతా ఆ గీతల్లోనే ఉంది. ఆ యంత్రాన్ని పుట్టించింది ఇరుకు మెడే అంటాను. బకెట్‌కి నోరు వెడల్పు. లోపల ఇనుప దిమ్మ నిలిపి, చుట్టూ కరిగిన ప్లాస్టిక్‌ను నొక్కి, గట్టిపడ్డాక దిమ్మను లాగేస్తే సరి. చంకన పెట్టుకు నడిచినా నీళ్లు తొణకకూడదని బిందెకు మెడ సన్నంగా పెట్టాం. ఇక లోపలి దిమ్మ బయటికెలా వస్తుంది? గాలినే దిమ్మగా వాడితే ఆ చిక్కు లేదు.

యంత్రంలో పోసిన ప్లాస్టిక్ దానా (గింజలు) కరిగి, మెత్తటి గొట్టంలా కిందికి వేలాడుతుంది. దాన్ని పారిసన్ అంటారు. రెండు చెక్కల అచ్చు దానిమీద మూసుకుంటూ అడుగున కొరికి అతికిస్తుంది. లోపలికి గాలి ఊదగానే గొట్టం బూరలా ఉబ్బి చల్లటి అచ్చు గోడలకు తగిలి బిగుస్తుంది. ఇది గాజు బుడ్డీలు ఊదే విద్యే. ఫెర్న్‌గ్రెన్, కోపిట్కే అనే ఇద్దరు 1938లో తమ ఊదే యంత్రాన్ని అమ్మింది కూడా అమెరికాలోని గాజు యంత్రాల కంపెనీ హార్ట్‌ఫర్డ్-ఎంపైర్‌కే. ప్లాస్టిక్ లేనిదే ఈ యంత్రం ఎక్కడిదని అడగవచ్చు. కానీ బిందెకు పనికొచ్చే గట్టి పాలిథిన్‌కు జర్మనీలో రసాయన శాస్త్రవేత్త జీగ్లర్ దారి చూపింది 1953లో. అప్పటికి ఆ యంత్రం అమ్ముడై పదిహేనేళ్లు.

రెండు ముక్కలు విడిగా చేసి అతికిస్తే పోదా? ఇత్తడి బిందెకు కంచరులు అలాగే చేసేవారు. వాళ్లకు టంకం, తీరిక రెండూ ఉండేవి. ప్లాస్టిక్‌లో అయితే అంత పొడవు అతుకు అంత పొడవునా కారే భయమే. మేడల మీది నల్ల ట్యాంకులను ఎక్కువగా ఊదరు కదా అంటే, నిజమే. వాటిని అచ్చులో పొడి పోసి, కొలిమిలో అటూ ఇటూ తిప్పుతూ చేస్తారు. ఆ ఆలస్యాన్ని ట్యాంకు ధర భరిస్తుంది, బిందె ధర భరించదు. ఊదిన బిందెలో పక్క గీతలు అచ్చు చెక్కలు కలిసిన ముద్రలు మాత్రమే. అసలు అతుకు అడుగు గీత ఒక్కటే. కొనేటప్పుడు రంగు తర్వాత చూసుకోవచ్చు, ముందు బోర్లించి ఆ గీత మీద వేలు రాసి చూడండి.