పట్టాలో కనిపించని బాయి

మస్కట్ నుంచి సొహార్ వెళ్ళే దారిలో, బాతినా తీరం మీద ఉంది మా ఖబూరా. కట్టడాలు మొదలయ్యే ముందు నేలను పరీక్షించడం ఇక్కడ నా ఉద్యోగం. కిందటేడు ఒక రాత్రి బెల్లంపల్లి నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, జాగ అగ్గువకు వస్తుంది. అడ్వాన్సు ఇచ్చిన. మిగిలింది నువ్వు పంపాలె" అన్నాడు. ఎక్కడరా అంటే చెప్పాడు. ఇక నాకు నిద్ర పట్టలేదు. అది మూతపడిన పాత బొగ్గుబాయి మీది నేల.

మన సంఘంలో కోల్‌బెల్టు నుంచి వచ్చినవాళ్ళం కొందరం ఉన్నాం. అందరం ఊళ్ళో ఒక ప్లాటు కొనాలనుకునేవాళ్ళమే. అందుకే ఈ నాలుగు మాటలు.

ఇల్లందులో 1889లో మొదలైన బొగ్గు తవ్వకం 1920లలో మా బెల్లంపల్లికి వచ్చింది. బొగ్గు పొరలో గళ్ళనుడికట్టులాగా దారులు తవ్వుతూ, కప్పు నిలవడానికి మధ్యమధ్య బొగ్గు స్తంభాలు వదిలేవారు. తర్వాత ఆ స్తంభాలనూ తీసేస్తే కప్పు కూలి, పైనేల చాలావరకు అప్పుడే కుంగిపోతుంది. దానితో పెద్ద పేచీ లేదు. స్తంభాలు వదిలేసి, ఇసుకతో నింపకుండా మూసిన చోటే చిక్కు. నీళ్ళలో నాని స్తంభాలు పెళుసెక్కుతాయి, కప్పు పెళ్ళలు పెళ్ళలుగా రాలుతుంది. ఖాళీ కొంచెం కొంచెం పైకి జరుగుతుంది. ముప్ఫై, నలభై ఏళ్ళ తర్వాత ఒక వానాకాలం ఉన్నట్టుండి గొయ్యి పడవచ్చు.

అయితే రాలిన రాయి, రాలకముందు కన్నా ఎక్కువ చోటు పడుతుంది. కాబట్టి కొంత ఎత్తుకు వెళ్ళాక ఖాళీ దానంతటదే పూడుకుపోతుంది. దారి ఎత్తుకు పది రెట్ల మందాన పైన గట్టి బండ ఉంటే కొంత ధైర్యంగా ఉండవచ్చని మా ఇంజనీర్ల మోటులెక్క. మట్టి ఈ లెక్కలోకి రాదు.

మూసిన గని ప్లానును గనుల భద్రతా శాఖకు అప్పగించాలని మన చట్టం. బ్రిటన్‌లో అయితే బొగ్గు ప్రాంతంలో ఇల్లు కొనేవారు గని నివేదిక తెప్పించుకోవడం మామూలే. మన దగ్గర పట్టా, లింకు డాక్యుమెంట్లు చూస్తాం, వాస్తు చూస్తాం. కింద ఏముందో అడగం!

తెలిసినవారి సాయంతో పాత ప్లాను చూశాం. స్తంభాలు తీయలేదు. దారి ఎత్తు మూడు మీటర్లు. పైన ఉన్నది 24 మీటర్లు, అందులో ఏడు మీటర్లు ఉత్త మట్టి. ముప్ఫై ఉండవలసిన చోట బండ పదిహేడే.

మా నాయిన ఆ బాయిలోనే కోల్ ఫిల్లర్‌గా పనిచేశాడు. అడిగితే, ప్లాను చూడకుండానే చెప్పాడు: "ఆడ మీద బండ తక్కువనేరా. వాన పడ్డ తెల్లారే కప్పు నుంచి నీళ్ళు కారేటివి." ఒమాన్‌లోనూ అంతే. నేల కింద ఎండిపోయిన ఫలజ్ కాలువ ఉందేమో తెలియాలంటే నేను ముందు ఊళ్ళో పెద్దాయనను వెతుకుతాను, యంత్రం తర్వాత.

"చుట్టూ అందరు కట్టుకున్నరు గద" అన్నాడు తమ్ముడు. నిజమే. ఆ ఇళ్ళు కూలుతాయని నేను అనలేను. తేల్చాలంటే బోర్లు వేయాలి. వేస్తుండగా నీళ్ళు ఒక్కసారిగా లోపలికి ఇంకిపోయినా, రాడ్డు జారి కిందికి పడినా, అక్కడ ఖాళీ ఉన్నట్టే. అప్పుడు బూడిదా సిమెంటూ కలిపి పంపు చేసి నింపాలి. ఆ ఖర్చు జాగా ధరను మించిపోతుంది.

డబ్బు పంపలేదు. అడ్వాన్సు తిరిగి రాలేదు. తమ్ముడు రెండు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. మరదలు ఇప్పటికీ అంటీ ముట్టనట్టే ఉంటుంది.

మొన్న వాడు ఇంకో జాగా చూశాడట. ఈసారి నాకు ఫోన్ చేసేముందు నాయినను బండి మీద ఎక్కించుకుని పోయాడు. నాయిన అటూ ఇటూ నడిచి, చెట్టు కింద కూర్చుని, "దీని కింద నేను పని చెయ్యలే. వేరేటోళ్ళను అడుగు" అన్నాడట.