చదివింపుల పుస్తకంలో రాయలేని కానుక

సీక్రెట్ శాంటా చిట్టీలు తీశారా? ఆఫీసు వాట్సాప్ గ్రూపులోనో, కాలేజీ గ్రూపులోనో ఈపాటికి రూల్స్ కూడా వచ్చేసి ఉంటాయి. ఐదు వందలు దాటకూడదు. రెండు వందలకు తగ్గకూడదు. ఎవరు ఎవరికి ఇస్తున్నారో ముందే బయటపెట్టకూడదు. ఆట సరదాగానే ఉంటుంది. కానీ కానుక అంటే మనకున్న భయమంతా ఆ ‘దాటకూడదు, తగ్గకూడదు’ దగ్గరే ఉంది. ఎక్కువిస్తే అవతలివాళ్లకు ఇబ్బంది, తక్కువిస్తే మనకు నామోషీ.

మాది టెక్కలి పక్కన రావివలస. మా వైపు పెళ్లికి వెళ్తే భోజనాల కంటే ముందు కనిపించేది చదివింపుల బల్ల. ఒకాయన పుస్తకం తెరిచి కూర్చుంటాడు. పక్కన ఒక కుర్రాడు కవర్లు చింపి గట్టిగా చెబుతుంటాడు. నూట పదహార్లు. ఐదు వందల పదహార్లు. స్టీలు బిందె ఒకటి. ఇప్పుడు బల్ల మీద ఫోన్‌పే స్కానర్ కూడా పెడుతున్నారనుకోండి. పెళ్లయిపోయినా ఆ పుస్తకాన్ని ఎవరూ పారెయ్యరు. పదేళ్ల తర్వాత అవతలివాళ్ల ఇంట్లో శుభకార్యం వస్తే అటక మీద నుంచి దింపి, ‘మనకెంత రాశారు’ అని చూసి, దాని మీద కాస్త కలిపి చదివిస్తారు.

దీన్ని నేను తప్పుపట్టను. బ్యాంకు లోను మొహం చూడని ఇళ్లలో ఎన్నో పెళ్లిళ్లు ఈ పుస్తకం మీదే గట్టెక్కాయి. ఫ్రెంచి పండితుడు మార్సెల్ మాస్ 1925లో కానుకల మీద ఒక పెద్ద వ్యాసం రాశాడు. తాను పరిశీలించిన సమాజాల్లో కానుక ఊరికే రాదనీ, తిరిగివ్వాల్సిన బాధ్యతను వెంటబెట్టుకునే వస్తుందనీ అందులో చూపించాడు. మా ఊళ్లో పుస్తకం రాసే తాతకు ఈ సంగతి ఏ వ్యాసమూ చదవకుండానే తెలుసు.

క్రిస్మస్ మాత్రం ఈ పుస్తకంలో ఇమడదు.

యోహాను సువార్త మూడో అధ్యాయం, పదహారో వచనం. చర్చి గుమ్మం తొక్కనివాళ్లు కూడా ఆ నంబరు ఏ ఆటో వెనకో చూసే ఉంటారు. దేవుడు లోకాన్ని ప్రేమించి తన కుమారుణ్నే ఇచ్చాడన్నది దాని సారం. తెలుగు బైబిల్లో అక్కడ వాడిన మాట ‘అనుగ్రహించడం’. అప్పివ్వడం కాదు, కూలివ్వడం కాదు. రోమా పత్రిక ఆరో అధ్యాయం చివర పౌలు రెండు మాటల్ని ఎదురెదురుగా నిలబెడతాడు. ఒకటి జీతం, రెండోది కృపావరం. పాపానికి ముట్టేది జీతం, అంటే చేసినదానికి లెక్కగట్టి ఇచ్చేది. దేవుడిచ్చే జీవం కృపావరం, దానికి లెక్క లేదు. గ్రీకు మూలంలో ఆ రెండో మాట ‘ఖరిస్మా’. హీరోలకూ లీడర్లకూ ఇంగ్లీషు పేపర్లు తగిలించే ‘కరిజ్మా’ దాని నుంచి వచ్చిందే. పుట్టినప్పుడు ఆ మాటకు అర్థం మనలోని గొప్పతనం కాదు. మన ప్రమేయం లేకుండా మనకు దక్కినది.

ఆ కానుక వచ్చిన తీరు చూడండి. సత్రంలో చోటు లేక, పసిగుడ్డును గుడ్డల్లో చుట్టి పశువుల తొట్టెలో పడుకోబెట్టారని లూకా రాశాడు. మన సెల్ఫీ పాయింట్లలో ఆ తొట్టె చుట్టూ సీరియల్ లైట్లు పెట్టేసరికి ముద్దుగా కనిపిస్తుంది గానీ, మా పెరట్లో కుడితి తొట్టి చూసి పెరిగినవాణ్ని కాబట్టి నాకు ముందు గుర్తొచ్చేది దాని వాసన.

ఇక్కడ మా ఊరి సంగతి ఒకటి చెప్పాలి. రావివలస అనగానే జిల్లాలో అందరికీ గుర్తొచ్చేది ఎండల మల్లికార్జునస్వామి. ఆయనకు పైకప్పు లేదు. అంత పెద్ద లింగం ఎండకీ వానకీ ఆరుబయటే. కార్తీక మాసంలో ఊరు పట్టనంత జనం వస్తారు. చర్చికెళ్లే ఇళ్ల పిల్లలం కూడా ఆ జనంలో జీళ్లు కొనుక్కుని తింటూ పెరిగినవాళ్లమే. ఆ నమ్మకం, ఈ నమ్మకం ఒకటేనని నేననను. అంటే రెండు వైపులవాళ్లూ ఊరుకోరు. కప్పులేని చోట దేవుడున్నాడంటే మాత్రం మా ఊళ్లో ఎవరూ వింతగా చూడరు.

వింత వేరే చోట ఉంది. లోకానికి కానుకగా వచ్చినవాడు వచ్చీ రాగానే పుచ్చుకోవడం మొదలుపెట్టాడు. మరియ పాలు, యోసేపు నీడ. తర్వాత తూర్పు నుంచి వచ్చిన జ్ఞానుల చేతుల్లోంచి బంగారం, సాంబ్రాణి, బోళం. ఇచ్చేవాడు అడగకుండానే ఇస్తాడు సరే. ఒకరి చేతి మీద ఆధారపడి బతికే పసివాడిగా రావడానికి కూడా ఒప్పుకున్నాడన్నది క్రైస్తవుల నమ్మకంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకునే సంగతి. ఎందుకంటే పుచ్చుకోవడం ఎంత కష్టమో నేను మా పిన్ని ఇంట్లో చూశాను.

పుచ్చుకోవడం చేతకాని ఇల్లు

పిన్నివాళ్లది వజ్రపుకొత్తూరు మండలంలో ఒక పల్లె. సముద్రం దగ్గరే. కొబ్బరి తోట, కాస్త జీడి తోట ఉండేవి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస తీరం దగ్గర గట్టెక్కింది. ఆ పొద్దున్న చూస్తే తోటలో నిలబడి ఉన్న చెట్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఎవరెవరో, ఎక్కడెక్కడివాళ్లో లారీల్లో బియ్యం, కొవ్వొత్తులు, నీళ్ల సీసాలు తెచ్చారు. పదిమందికి కొబ్బరికాయలు ఊరికే పంచిన బాబాయి, ఆ లారీ ముందు తువ్వాలు మొహం మీదకి లాక్కుని నిలబడ్డాడు. ఇచ్చినవాళ్లు ఆయన్ని ఏమీ అనలేదు. అయినా ఆ రోజు అన్నం తినలేకపోయాడు.

మూడేళ్లకు పెద్దకొడుకు, అంటే నా తమ్ముడు, కాళ్ల వాపులతో ఆస్పత్రికి వెళ్లాడు. ఉద్దానంలో కాళ్ల వాపు అంటే ఏమిటో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ కిడ్నీలు ఎందుకిలా పాడవుతున్నాయో పరిశోధకులు ఇంకా ఒక్క కారణం దగ్గర ఆగలేదు. పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. మావాడి కథ అంతకు ముందే నడిచింది. వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక్కోసారి నాలుగు గంటలు. పాతికేళ్లు నిండిన కుర్రాడు.

కిడ్నీ నేనిస్తానంది పిన్ని. మ్యాచ్ అయింది. వాడు ఒప్పుకోలేదు.

నెలలు గడిచాయి. ఎవరు చెప్పినా ఒకటే మాట. “మాయమ్మ కడుపు కోయించుకుని నాను బతకాలేటి? రేపు దానికేటైనా అయితే ఏటిచ్చి తీర్చగలను?”

పిన్ని పలాసలో జీడిపప్పు పొట్టు తీసే పనికి వెళ్తుంది. ఆ సాయంత్రం పనినుంచి వచ్చి, చేతులు కూడా కడుక్కోకుండా వాడి ముందు కూర్చుంది. “నిన్ను కన్ననాడు పుస్తకంలో రాసుకున్నానేటిరా, ఇప్పుడు రాసుకోడానికి?”

మన దేశంలో అవయవాన్ని అమ్మినా, కొన్నా నేరం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం అదే చెబుతుంది. కొనడానికి వీల్లేదు కాబట్టి ఇచ్చేవాళ్లు ఉండాలి, అంతే. ఆపరేషనుకు ముందు అధికారులు పిన్నిని కూర్చోబెట్టి అడిగారు. ఇష్టపూర్వకంగానే ఇస్తున్నారా, డబ్బు ఏమైనా తీసుకున్నారా, ఎవరైనా బలవంతపెట్టారా అని. “బలవంతం నాదే బాబూ, ఆడే ఒద్దంటన్నాడు” అందట. అక్కడున్నవాళ్లంతా నవ్వారు.

తర్వాత డాక్టరు చెప్పిన విషయం నాకు ఏ ప్రసంగంలోనూ ఇంత స్పష్టంగా వినిపించలేదు. కిడ్నీ అమ్మదే అయినా, కొడుకు ఒంటికి అది పరాయిదే. ఎప్పటికీ పరాయిదిగానే చూస్తుంది, బయటికి నెట్టేయాలని చూస్తుంది. అందుకే ఒంటిని ఒప్పించే మందులు రెండు పూటలా, టైము తప్పకుండా, జీవితాంతం వేసుకోవాలి. అంటే ఇవ్వడం ఒక్క రోజులో అయిపోయింది. పుచ్చుకోవడం రోజూ చెయ్యాలి. యోహాను సువార్త మొదటి అధ్యాయంలోనూ దాదాపు ఇదే ఉంది. ఆయన తనవాళ్ల దగ్గరికే వస్తే వాళ్లు చేర్చుకోలేదు, చేర్చుకున్నవాళ్లకు మాత్రం దేవుని పిల్లలయ్యే హక్కు దొరికింది అంటాడు. ఎన్నో క్రిస్మస్‌లకు ఆ అధ్యాయం చదివాం. ‘చేర్చుకోవడం’ అన్న మాట బరువు నాకు తెలిసింది మాత్రం ఆ మాత్రల డబ్బా చూశాకే.

అయితే ఈ పోలికను చివరిదాకా లాగకూడదు. పిన్ని ఇచ్చింది కన్నకొడుక్కి. ఎవరైనా ఇస్తారు, కనీసం ఇవ్వాలనుకుంటారు. పౌలు రోమా పత్రిక ఐదో అధ్యాయంలో చెప్పేది ఇంకా ఇబ్బందిపెట్టే విషయం. మంచివాడి కోసం ఒకవేళ ఎవరైనా ప్రాణమివ్వొచ్చేమో గానీ, క్రీస్తు ఇచ్చింది మనం పాపులుగా, ఎదురుతిరిగి ఉన్నప్పుడే అంటాడు. అర్హత చూసి ఇచ్చి ఉంటే అది కానుక అయ్యేది కాదు, ప్రైజ్ అయ్యేది. తొట్టెలోని పసివాణ్ని చూసి మురిసిపోయేవాళ్లు చాలామంది ఈ మాట దగ్గర మొహం తిప్పుకుంటారు. నాకూ ఇది తేలిగ్గా మింగుడుపడే మాట కాదు. మనకు నచ్చనివాడికి కూడా అదే కానుక, అదే కొలత.

ఫ్రీ అంటే చౌక కాదు

అలాగైతే హాయిగా ఉందే, ఏం చేసినా క్షమిస్తాడుగా అని మీలో ఎవరో అనుకునే ఉంటారు. జర్మనీలో డీట్రిచ్ బోన్‌హోఫర్ అనే పాస్టరు దీన్ని ‘చౌక కృప’ అన్నాడు. 1937లో అచ్చయిన తన పుస్తకంలో దాన్ని చీల్చి చెండాడాడు. కృప పుచ్చుకునేవాడికి ఉచితం, ఇచ్చినవాడికి మాత్రం తన కొడుకు ప్రాణమంత ఖరీదు అన్నది ఆయన వాదన. హిట్లర్‌ను ఎదిరించి జైలుకెళ్లాడు. 1945 ఏప్రిల్ 9న ఉరితీశారు. పిన్ని పొట్ట పక్కన కుట్ల గీత చూసినవాడెవడూ తమ్ముడికి కిడ్నీ ‘ఫ్రీగా వచ్చింది’ అనడు.

తిరిగివ్వలేని కానుకను మరి ఏం చెయ్యాలి? మా తీరంలోనే ఒక జవాబు ఉంది. సోంపేటలో కెనడియన్ బాప్టిస్టు మిషన్‌వాళ్ల ఆస్పత్రి పేరు ఆరోగ్యవరం. అక్కడ డాక్టర్ బెన్ గల్లిసన్ కళ్లు మసకబారిన పల్లెజనానికి చూపు తెప్పించే ఆపరేషన్లు చేసేవాడు. కెనడాలోని కాల్గరీలో ఆయన మాట విన్న ఆర్ట్ జెన్కిన్స్ అనే వ్యాపారి కదిలిపోయి, 1963లో ‘ఆపరేషన్ ఐసైట్’ మొదలుపెట్టాడు. ఆ సంస్థ సాయం సోంపేట దాటి ఎన్నో దేశాలకు వెళ్లింది. చూపొచ్చిన సోంపేట ముసలమ్మ కాల్గరీకి ఏం తిరిగి పంపగలదు? ఆమె పంపక్కర్లేదు కూడా. ఊరికే పుచ్చుకున్నారు, ఊరికే ఇవ్వండని యేసు శిష్యులతో అన్నది ఈ దారినే. లెక్క వెనక్కి వెళ్లదు, ముందుకు పోతుంది.

శాంటా తాత సంగతీ ఇంతే. ఆ వేషం వెనకున్న నికొలస్ నాలుగో శతాబ్దంలో ఇప్పటి టర్కీలోని మైరా పట్నానికి బిషప్. కట్నం లేక పెళ్లిళ్లు ఆగిన ముగ్గురు ఆడపిల్లల ఇంట్లోకి రాత్రిపూట బంగారం మూటలు విసిరేశాడని కథ. పగలు ఇస్తే ఎవరిచ్చారో తెలిసిపోతుంది, తెలిస్తే ఆ తండ్రి జన్మంతా తలవంచుకు తిరగాలి. మన సీక్రెట్ శాంటాలో ‘సీక్రెట్’ మిగిలింది గానీ, దాని కారణం మాత్రం ఐదు వందల బడ్జెట్‌లో ఎక్కడో జారిపోయింది.

ఆపరేషన్ అయిన ఏడాదికి తమ్ముడు వాయిదాల మీద రెండు బంగారు గాజులు కొని తెచ్చాడు. పిన్ని వేసుకుని, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. “బాగున్నాయిరా. గాజులిచ్చీసి చెల్లైపోయిందనుకున్నావేటి? మాత్రలేసుకున్నావా లేదా?” అంది.

వాడిప్పుడు వాళ్ల చర్చి క్యారల్స్ జట్టులో ఉన్నాడు. రంగు కాగితాల నక్షత్రం కట్టిన వెదురుకర్ర పట్టుకుని, మొహానికి మాస్కు పెట్టుకుని ముందు నడుస్తాడు. కొత్త సినిమా ట్యూన్ల పాటలు నాలుగు పాడాక, పెద్దవాళ్లు అడిగారని పురుషోత్తమ చౌదరి కీర్తన ఒకటి ఎత్తుకుంటారు. 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం తీసుకుని, రాగం తాళం కట్టిన తెలుగు కీర్తనల్లో క్రీస్తును పాడిన ఆ పెద్దాయన మా పక్కన పర్లాకిమిడి వైపువాడే. రాత్రి తొమ్మిదింటికి తమ్ముడి జేబులో ఫోను అలారం మోగుతుంది. ఎవరింటి ముందున్నా, పాట ఏ చరణంలో ఉన్నా, వాడు కర్ర పక్కవాడి చేతికిచ్చి వెనక్కి తిరుగుతాడు. ఆడవాళ్ల వరసలోంచి పిన్ని అప్పటికే నీళ్ల సీసా మూత తీసి చెయ్యి చాపి ఉంటుంది.