చమురును తునియలు చేయు సూక్ష్మజీవులు

ఒక గాజుసీసాలో సగము వరకు నీరు పోసి, అందు రెండు చెంచాల నువ్వుల నూనె వేసి గట్టిగా కుదిపి చూడుడు. కొద్దిసేపటికే నూనె పైకి తేలి వేరుపడును. ఇప్పుడు కొంచెము కుంకుడుకాయల రసము చేర్చి మరల కుదిపినచో ద్రవము పాలవలె తెల్లబడి, చాలసేపు అట్లే నిలుచును. రసమునందలి సాపోనినులు నూనెను సన్నని బిందువులుగ విడగొట్టి, అవి మరల కలిసిపోకుండ అడ్డుపడుటయే ఇందులకు కారణము. తలతన్యతను తగ్గించు ఇట్టి పదార్థములను సర్ఫాక్టంటులందురు.

సముద్రమునందు కొన్ని బాక్టీరియములు ఇట్టి పదార్థములను తామే తయారుచేసికొనును. వానిలో పేరుపొందినది ఆల్కానివోరాక్స్ బోర్కుమెన్సిస్. ఉత్తర సముద్రములోని బోర్కుమ్ దీవి ప్రాంతమున లభించిన దీనిని శాస్త్రజ్ఞులు 1998లో వర్ణించిరి. చమురునందలి ఆల్కేనులను హైడ్రోకార్బనులు దీని ముఖ్యాహారము. ‘ఆల్కేనులను కబళించునది’ అని దీని పేరునకు అర్థము.

నీటిలో బ్రతుకు జీవి నీట కరుగని ఆహారమును ఎట్లు తినగలదు? ఈ బాక్టీరియము గ్లూకోజు, కొవ్వు ఆమ్లములు కలిసిన ఒక గ్లైకోలిపిడును తయారుచేయును. దాని అణువునందు గ్లూకోజు కొస నీటి వైపునకు, కొవ్వు ఆమ్లపు కొస చమురు వైపునకు తిరిగియుండును. ఇట్టి అణువులు రెండు ద్రవముల సరిహద్దున బారులుతీరి, అచ్చటి తన్యతను తగ్గించును. అప్పుడు కెరటముల కుదుపునకే చమురు చిన్న బిందువులుగ చీలిపోవును.

దీనివలని లాభమును లెక్కకట్టి చూడవచ్చును. 1 మి.మీ. వ్యాసముగల బిందువు 0.01 మి.మీ. వ్యాసముగల బిందువులుగ విడిపోయినచో, 10 లక్షల బిందువులేర్పడును. చమురు పరిమాణము మారదు. ఉపరితల వైశాల్యము మాత్రము 100 రెట్లగును. బాక్టీరియములు చమురునంటి తినునది ఈ ఉపరితలముననే.

అట్లయినచో సముద్రమున ఒలికిన చమురంతయు త్వరలోనే మాయము కావలదా? కాదు. చమురునందు ప్రధానముగ ఉన్నవి కర్బనము, ఉదజని. కణములు వృద్ధిచెందుటకు నత్రజని, భాస్వరము కూడ కావలెను. సముద్రజలమున ఇవి స్వల్పము. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్డెజ్ అను నౌక అలాస్కా తీరమున రాతిమెట్టకు తగులుకొని, సుమారు 4 కోట్ల లీటర్ల చమురు ఒలికెను. అచ్చటి తీరములపై నత్రజని, భాస్వరము గల ఎరువులు చల్లగా, సహజముగ నున్న బాక్టీరియములే చమురును మరింత వేగముగ హరించెను. కాని గులకరాళ్లక్రింద, ప్రాణవాయువు చాలని చోట చిక్కిన చమురు కొంత దశాబ్దములు గడచినను మిగిలియే యున్నది.

సర్ఫాక్టంటు చమురును తునియలు చేసి అందించగలదే కాని, ఎరువును, ప్రాణవాయువును సమకూర్చలేదు. ఈ మూడును ఒకచోట కూడినప్పుడే బాక్టీరియముల పని సాగును.