టెంకలో పురుగు, పెట్టె మీద ఆకుపచ్చ గుర్తు



మన జిల్లాల తోతాపురి ఎక్కువగా గుజ్జు ఫ్యాక్టరీలకు వెళ్తుంది. గుజ్జును వేడి చేస్తారు కాబట్టి అక్కడ పురుగు బెడద ఉండదు. బేనిషాను మాత్రం పండుగానే తింటాం, పండుగానే పంపాలి. అమెరికాలో ఉన్న మనవాళ్లకు మన దేశపు మామిడిపండు చేరాలంటే రేడియేషన్ గది దాటాల్సిందే. ఈ మాట వినగానే వచ్చే అనుమానం ఒక్కటే: "అలాంటి పండు పిల్లలకు పెట్టొచ్చా?" పెట్టొచ్చు. ఎందుకో చూద్దాం.

ఎందుకు చేస్తారు?
టెంకపురుగు పిందె తొక్క మీద గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు కండను తొలుచుకుంటూ టెంకలోకి చేరుతుంది. కాయ పెరిగేకొద్దీ ఆ రంధ్రం పూడిపోతుంది, పైకి పండు నిగనిగలాడుతూనే ఉంటుంది. కడిగినా లాభం లేదు. ఆ పురుగు తమ తోటల్లో చేరుతుందన్న భయంతో అమెరికా చాలాకాలం మన మామిడిని రానివ్వలేదు. 2007లో రేడియేషన్ షరతుతో అనుమతించింది. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో, ఉల్లి మొలకెత్తకుండా చూసేందుకు 2002లో మొదలైన కేంద్రం ఇందుకు పనికొచ్చింది.

ఎలా పనిచేస్తుంది?
పెట్టెల్లో సర్దిన పండ్లు మందపాటి కాంక్రీటు గదిలో కోబాల్ట్-60 ముందు నుంచి సాగిపోతాయి. గామా కిరణాలు టెంక దాకా దూసుకుపోతాయి. కనీస మోతాదు 400 గ్రే. దీనికి పండు వేడి పెరిగేది సుమారు పదోవంతు డిగ్రీ. కానీ పురుగు డీఎన్‌ఏ దెబ్బతింటుంది. అది వెంటనే చావకపోవచ్చు, సంతానాన్ని మాత్రం పెంచలేదు.

పండులో రేడియేషన్ మిగులుతుందా?
మిగలదు. కోబాల్ట్ పండును తాకదు, కిరణాలు దూరి వెళ్లిపోతాయి. ఎక్స్‌రే తీయించుకున్న పిల్లాడిలో కిరణాలు మిగలనట్టే. 10,000 గ్రే వరకు ఆహారానికి ముప్పు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ భాగస్వామిగా ఉన్న నిపుణుల కమిటీ 1980లోనే తేల్చింది. విటమిన్ సి కొద్దిగా తగ్గవచ్చు.

ఏం చేయలేదు?
పురుగుమందుల అవశేషాలను తీసేయలేదు. కార్బైడ్‌తో మాగబెట్టిన పండును మంచిపండుగా మార్చలేదు. కాబట్టి ఏ పండునైనా కడిగే తినాలి.

శుద్ధి జరిగిందో లేదో పండును చూసి చెప్పలేం. అందుకే పత్రాలే సాక్ష్యం. 2025 మేలో ముంబై ప్రాంతంలో శుద్ధి చేసి పంపిన 15 మామిడి సరుకులను పత్రాల్లో లోపాలున్నాయంటూ అమెరికా అధికారులు నిరాకరించారు. ఒక్క కాగితం తేడా వస్తే ఏడాది కష్టం చెత్తకుప్పలో పడుతుంది.

ఈ ఆదివారం పిల్లలతో
బేనిషా తిన్నాక టెంకను పెద్దవాళ్లే చీల్చి, లోపల ఏముందో పిల్లలకు చూపించండి. రేడియేషన్‌తో శుద్ధి చేసిన ఆహారం ప్యాకెట్ మీద వలయంలో ఆకుపచ్చ మొక్క లాంటి గుర్తు, 'రాడురా', ఉంటుందని చెప్పండి. తర్వాత ఈ ప్రశ్న అడగండి: "పురుగు బతికే ఉన్నా సమస్య తీరిందని ఎందుకంటారు?" జవాబు వాళ్ల నోటే రానివ్వండి.