పాత సర్వరు - క్రొత్త వ్యవస్థ

మా పాఠశాల కార్యాలయములో ఒక మూల నల్లని పెట్టె యొకటి కలదు. అది రాత్రింబవళ్లు మెల్లగా రొద చేయుచుండును. హాజరు పట్టికలు, గ్రంథాలయపు జాబితా, ఈ పత్రిక పూర్వ సంచికలు దానియందే భద్రపరుపబడియున్నవి. ఇతర గదులలోని కంప్యూటర్లు అడిగిన ఫైలును అందించు ఈ యంత్రమునే సర్వరందురు. గత వేసవి సెలవులలో దీని ఆపరేటింగ్ సిస్టమును మార్చితిమి. ఆ పని ఏల అవసరమైనదో, ఎట్లు సాగినదో విద్యార్థులకు తెలుపుట మంచిదని తలచితిమి.

యంత్రమునకును మన పనులకును నడుమ నిలిచి, ఏది ఎచ్చట దాచవలెనో, ఎవరికి ఏది చూచు అధికారము కలదో నిర్ణయించునది ఆపరేటింగ్ సిస్టము. మా సర్వరులో నుండినది విండోస్ సర్వర్ 2008 ఆర్2. దానికి మైక్రోసాఫ్టు సంస్థ సాధారణముగా ఇచ్చు భద్రతా సవరణలు 2020 జనవరి 14తో ముగిసినవి. "చక్కగా నడుచుచున్నది కదా, మార్చనేల?" అని కొందరు మమ్ము అడిగిరి.

నడచుట వేరు, సురక్షితముగా నుండుట వేరు. 2017 మే 12న వానాక్రై అను దుష్ట ప్రోగ్రాము ప్రపంచమంతట వ్యాపించి, కంప్యూటర్లలోని ఫైళ్లకు తాళము వేసి, విడిపించుటకు ధనము కోరినది. ఆంధ్రప్రదేశములో కొన్ని పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును దాని వాత పడినవి. ఆ లోపమునకు సవరణ అదే యేడు మార్చి 14ననే వెలువడినది. దానిని చేర్చుకొన్న యంత్రములకు ఆ ముప్పు తప్పినది. అప్పటికే గడువు తీరియున్న విండోస్ సర్వర్ 2003కు మాత్రము దాడి జరిగిన పిదపనే సవరణ లభించినది. గోదావరి యొడ్డున నున్నవారు వరదకు ముందే గట్టు చూచుకొనవలెను గదా!

మొదట ఫైళ్లన్నిటికి రెండు నకళ్లు తీసి, ఒకదానిని వేరొక భవనములో నుంచితిమి. నకలు తీసినంతమాత్రమున చాలదు. అది తిరిగి తెరచుకొనునో లేదో చూడవలెను. అందుచే వేరొక కంప్యూటరులో దానిని తెరచితిమి. పట్టికలు సరిగానే యున్నవి. పత్రిక సంచికలు తెరువగా తెలుగునకు మారుగా అర్థములేని ఇంగ్లీషు అక్షరములు కనబడినవి! వానిలో రెండు సంచికలకు అచ్చుప్రతి కూడ మిగిలియుండలేదు.

కారణ మిది. పూర్వపు ఫాంట్లు ఇంగ్లీషు అక్షరముల సంఖ్యల మీదనే తెలుగు రూపములను చిత్రించెడివి. ఆ ఫాంటు లేనిచోట తెలుగు మాయమగును. యూనికోడు పద్ధతిలో నట్లు గాదు; 1991లో వెలువడిన మొదటి కూర్పునుండియు తెలుగునకు స్వంత సంఖ్యలు కలవు. 'క' అక్షరము సంఖ్య 3093. అది ఏ దేశమందైనను 'క'యే.

పాత ఫాంటును వెదకి తెచ్చి, సంచికలను యూనికోడులోనికి మార్చితిమి. మార్పులో కొన్ని ఒత్తులు చెదరినవి. పదవ తరగతి విద్యార్థులు ఒకరు చదువగా మరొకరు సరిదిద్దిరి.

ఆ పిదపనే సర్వరును ముట్టితిమి. 2008 ఆర్2 నుండి 2019 కూర్పునకు నేరుగా పోరాదు. నడుమ 2012 ఆర్2 అను మెట్టు ఎక్కవలెను. పని నడుమ విద్యుత్తు పోకుండ యూపీఎస్ అమర్చితిమి. ప్రతి మెట్టు తరువాత ఖాతాలు, అధికారములు, ప్రింటరు సరిచూచితిమి. 2019 కూర్పునకు సవరణలు 2029 జనవరి 9 వరకు లభించును. అప్పుడు ఈ పని మరల చేయవలసినదే.

మరాఠీ సీమలో మనము వ్రాసికొన్న తెలుగు పుట పోయినచో, దాని ప్రతిని మరెవ్వరును దాచియుండరు. కావున విద్యార్థులారా, నేటినుండి మీ రచనలను యూనికోడులోనే టైపు చేసి, ఒక నకలు వేరుగా నుంచుడు.