నాన్న చదివిన పుస్తకం... కొడుకు చూసిన సినిమా!

2006 ఆగస్టులో ‘బొమ్మరిల్లు’ విడుదలైంది. ఆట వదిలాక కుర్రకారంతా హాసిని మాటలు అనుకరిస్తూ, నవ్వుకుంటూ బయటికొచ్చారు. నాన్నలు మాత్రం ఎవరి మొహమూ చూడకుండా జేబుల్లో స్కూటర్ తాళాలు వెతుక్కున్నారు! అలా వెతుక్కున్న వాళ్ళలో నేనూ ఒకణ్ణి సుమండీ.

సముద్రపుటొడ్డున తప్పటడుగులు వేసే పసివాడు, చెయ్యి పట్టుకు నడిపించే తండ్రి... చిత్రం అక్కడే మొదలవుతుంది. పసివాడికి చెయ్యి అందించడం సరే, ఇరవై నాలుగేళ్ళు వచ్చాక కూడా వదలకపోతే ఎలా? ఇదీ దర్శకుడు భాస్కర్ వేసిన ప్రశ్న. ప్రకాష్‌రాజ్ పోషించిన ఆ తండ్రి దుర్మార్గుడు కాడు. పిల్లలంటే ప్రాణం. ఎటొచ్చీ, వాళ్ళ చొక్కా దగ్గర్నుంచి ఉద్యోగం దాకా అన్నీ తనే ఎంచాలంటాడు. చివరికి కొడుకు సిద్ధార్థ్ మనసు విప్పి మాట్లాడే ఘట్టంలో హాల్లో దగ్గు కూడా వినపడలేదంటే నమ్మండి. ‘బొమ్మరిల్లు ఫాదర్’ అన్న మాట ఆ రోజుల్లోనే ఇంటింటి మాట అయిపోయింది. 2008లో ఇదే కథ తమిళంలో ‘సంతోష్ సుబ్రమణ్యం’గా వస్తే, అక్కడా తండ్రి వేషం ప్రకాష్‌రాజ్‌దే!

అప్పటికి మావాడు తొమ్మిదో తరగతి. సినిమా చూసిన మర్నాడు ఆదివారం. అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరిచే రోజు. పిల్లల్ని ఎలా పెంచాలో చెప్పే పుస్తకాలు ఎన్ని దొరికితే అన్నీ సంచీలో వేసుకొచ్చాను. ఎర్ర పెన్సిలుతో గీతలు పెట్టుకుంటూ పరీక్షకు చదివినట్టు చదివాను.

నాలుగు రోజులు గడిచాయి. వాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయి. మామూలుగా అయితే ఇల్లు ఎగిరిపోవాలి. నేను మాత్రం గొంతు సవరించుకుని, “నీ బాధ నాకు అర్థమవుతోంది నాన్నా!” అన్నాను.

వాడు నన్ను ఎగాదిగా చూసి, “ఇది ఎన్నో పేజీలోది నాన్నా?” అన్నాడు.

వంటింట్లో మా ఆవిడ నవ్వు వినిపించింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ సంచీలో పుస్తకాలన్నీ మళ్ళీ బయటికి తీసి, ఈసారి వేరే కంటితో చదివాను. అప్పుడు తెలిసిన సంగతులే ఇవి.

ముద్దు పెట్టొద్దన్న పండితుడు

అమెరికాలో జాన్ వాట్సన్ అని పేరుమోసిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1928లో పిల్లల పెంపకం మీద ఒక పుస్తకం రాశాడు. పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకోవద్దు, ముద్దులు పెట్టొద్దు, పొద్దున్నే లేచాక కరచాలనం చెయ్యండి చాలు అని బోధించాడు. సొంత బిడ్డకు పొద్దున్నే షేక్‌హ్యాండ్ ఇచ్చే అమ్మను ఊహించుకోండి! శాస్త్రం పేరుతో వచ్చింది కనుక ఎందరో తల్లులు గుండె రాయి చేసుకుని పాటించారు. తర్వాతి కాలంలో ఆ రచయితే తన పుస్తకం గురించి చింతించాడు. కానీ అప్పటికే ఆ పిల్లలు ముద్దులు లేకుండా పెరిగిపోయారే!

1946లో వచ్చాడు డాక్టర్ బెంజమిన్ స్పాక్. ఈయన పిల్లల వైద్యుడే కాదు, 1924 ఒలింపిక్స్‌లో పడవ పందెంలో బంగారు పతకం కొట్టిన జట్టులో ఒకడు కూడా. వాట్సన్ చెప్పినదానికి పూర్తిగా ఎదురు తిరిగాడు. అమ్మలారా, మిమ్మల్ని మీరు నమ్ముకోండి, బిడ్డను ఎత్తుకోండి అన్నాడు. 1998లో ఆయన కన్నుమూసే నాటికి ఆ పుస్తకం 5 కోట్ల ప్రతులు అమ్ముడైంది. ఏ సినిమాకు ఇన్ని టిక్కెట్లు తెగినా సూపర్ హిట్టే!

అంత మంచి డాక్టరూ ఒక చోట పొరబడ్డాడు. పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టమని 1950ల చివరి నుంచీ ఆయన పుస్తకం చెబుతూ వచ్చింది. బోర్లా పడుకున్న పసివాళ్ళలో నిద్రలోనే ప్రాణం పోయే ప్రమాదం ఎక్కువని తర్వాత పరిశోధనల్లో తేలింది. 1992లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం బోర్లా పడుకోబెట్టొద్దని సలహా ఇచ్చింది. నేటి వైద్యులందరూ వెల్లకిలా పడుకోబెట్టమనే అంటారు.

కనుక పాఠకులారా, ఇలాంటి పుస్తకం చేతికి రాగానే ముందు చూడాల్సింది అట్ట మీద బొమ్మను కాదు, లోపల ముద్రించిన సంవత్సరాన్ని. ఒంటికి, ఆరోగ్యానికి సంబంధించిన సలహా అయితే మీ డాక్టరును అడగనిదే పాటించకండి.

మీసాలున్న అమ్మ

ఇవన్నీ దొరల సంగతులు, మనవాళ్ళెవరూ లేరా అంటారేమో. లేకేం! గుజరాత్‌లో గిజుభాయి బధేకా అనే వకీలు ఉండేవాడు. తనకు కొడుకు పుట్టాక మాంటిస్సోరి పుస్తకం చదివి కోర్టు వదిలేశాడు. 1920లో భావనగర్‌లో బాలమందిరం పెట్టాడు. బెత్తం లేని బడి అది. పిల్లలకు ఆయనంటే ఎంత చనువంటే, జనం ‘మీసాల అమ్మ’ అని పేరు పెట్టారు. ఆయన రాసిన ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటి కల’గా వచ్చింది. ఒక మాస్టారు కథలు చెప్పి, ఆటలాడించి అల్లరి పిల్లల్ని దారికి తెచ్చుకునే కథ. సినిమాగా తీస్తే బాగుండుననిపిస్తుంది!

మన చలం మాటేమిటి? ‘మైదానం’ రాసిన చలం అనగానే స్త్రీ స్వేచ్ఛ గుర్తొస్తుంది గానీ, ఆయన బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసిన మనిషి. దెబ్బలు తినే పిల్లల్ని కళ్ళారా చూసి ‘బిడ్డల శిక్షణ’ రాశాడు. కొట్టి నేర్పేది భయమే గానీ బుద్ధి కాదన్నది ఆయన వాదం.

ఇక మాలతీ చందూర్ గారు. 1952లో ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ మొదలుపెట్టి దశాబ్దాల పాటు నడిపారు. అత్తాకోడళ్ళ తగువులు, పిల్లల చదువులు, పైకి చెప్పుకోలేని కష్టాలు... ఎన్నెన్ని ఉత్తరాలు! పుస్తకం అందరికీ ఒకే సలహా ఇస్తుంది. ఆవిడ మాత్రం అడిగిన మనిషికి జవాబిచ్చారు. తేడా అక్కడుంది.

పాలు ఒలికాయి... మీరేమంటారు?

నా సంచీలో పనికొచ్చిన పుస్తకం హైమ్ గినాట్ 1965లో రాసింది. ఆయన ఒకప్పుడు బడిపంతులు. ఆయన తరగతులకు వెళ్ళిన ఇద్దరు తల్లులు, ఎడిల్ ఫేబర్, ఎలైన్ మాజ్లిష్, 1980లో అదే బాటలో బొమ్మలతో సహా మరో పుస్తకం తెచ్చారు. వీళ్ళ సూత్రం చిన్నది. జరిగిన పనిని అనండి, పిల్లవాణ్ణి అనకండి.

పాల గ్లాసు ఒలికిందనుకోండి. “ఒక్క పనీ చేతకాదు వెధవా!” అంటాం మనం. “పాలు ఒలికాయి, గుడ్డ పట్రా” అంటే సరిపోదూ? రెండు విధాలా నేల శుభ్రమవుతుంది. మొదటి దాంట్లో పిల్లవాడి మనసు మాసిపోతుంది.

మరి నేనన్న మాట కూడా ఆ పుస్తకంలోదేగా, ఎందుకు పారలేదు? అక్కడే ఉంది కిటుకు. నేను వాడి బాధ అర్థం చేసుకోలేదు. అర్థమైందని డైలాగు చెప్పానంతే! నటన ఎంత బాగున్నా ఇంట్లో వాళ్ళ దగ్గర చెల్లదు. ఆ పుస్తకాలు నేర్పేది మాట్లాడడం కంటే ముందు వినడం. నేను ఆ పేజీలు దాటేసి, అప్పచెప్పేందుకు వాక్యాలు ఏరుకున్నాను.

వాణ్ణి ఇంటర్లో ఎంపీసీలో చేర్చాలని నేను ఎప్పుడో తీర్మానించుకున్నాను. పదో తరగతి అయిపోయాక ఒక రాత్రి కరెంటు పోయింది. మేడ మీద చాపేసుకుని పడుకున్నాం. ఈసారి నేనేం మాట్లాడలేదు. చాలాసేపటికి వాడే అన్నాడు.

“నాకు లెక్కలంటే భయం నాన్నా. నీకు చెప్పాలంటే ఇంకా భయం.”

రెండో మాట నన్ను కోసింది. ఆ మాట ఏ పేజీలోనూ లేదు. వాడు సీఈసీలో చేరాడు. బంధువులు మొహం చిట్లించారు. వాడు మాత్రం రాత్రిళ్ళు హాయిగా నిద్రపోయాడు.

సినిమా మనకు అద్దం చూపిస్తుంది. రెండున్నర గంటలు ఏడిపించి పంపిస్తుంది. మర్నాడు పొద్దున ఏం చెయ్యాలో చెప్పదు. పుస్తకం చెబుతుంది, కానీ మన పిల్లవాడి పేరు దానికి తెలీదు. ఆ మధ్య ఖాళీని పూరించాల్సింది మనమే. ఏమంటారు?

కొసమెరుపు చెప్పి ముగిస్తాను. ఇప్పుడు మావాడికీ నాలుగేళ్ళ కూతురు. మొన్న అన్నం తిననని మారాం చేస్తే గట్టిగా కసిరాడు. పిల్ల బిక్కమొహం వేసుకుని నా వెనకాల దాక్కుంది. కాసేపయ్యాక వాడు నా గదిలోకొచ్చి నసుగుతూ అడిగాడు.

“నాన్నా, ఆ ఎర్ర గీతల పుస్తకాలు ఇంకా ఉన్నాయా?”

అటక మీంచి దించి ఇచ్చాను. “గీతలు పెట్టినవి వదిలెయ్యరా, పెట్టనివి చదువు” అన్నాను.